తాతమ్మ పేరు మీద మిలటరీ పింఛను కాగితం దొరికింది, దీన్ని పట్టుకుని ముత్తాత వివరాలు తీయొచ్చా?

గాజువాక_వెంకట్
అమ్మ సంవత్సరీకం అయ్యాక ఆవిడ ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున పాత చీర ముక్కలో కట్టిన మూట ఒకటి దొరికింది. అందులో ఒక మెడల్, సగం చిరిగిన కాగితం. మెడల్ మీద ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాజు, రెండోవైపు ఏదో జంతువు మీద నిలబడ్డ సింహం. కాగితం మా తాతమ్మది, అంటే అమ్మ వాళ్ళ మామ్మది, ఆవిడ పేరు, ఊరు, బొటనవేలి ముద్ర, కుడి చెంప మీద పుట్టుమచ్చ ఉందని ఒక లైను. మూలన లాహోర్ అని ముద్ర కూడా ఉంది, అదెందుకో అర్థం కావట్లేదు. ఇంట్లో ముందునుంచీ చెప్పుకునేది ఏంటంటే ముత్తాత మిలటరీకి పోయి యుద్ధంలో చనిపోయారని, అంతే, ఇంకో ముక్క ఎవరికీ తెలీదు. ఊరు చూద్దామంటే స్టీల్ ప్లాంటులో కలిసిపోయింది. మూడు నెలలుగా తిరుగుతున్నా, ఒక ఆఫీసులో నంబరు, యూనిట్ లేకుండా ఏమీ చెయ్యలేం అన్నారు, ఇంకోచోట ఇంత పాతది ఇప్పుడెందుకు బాబూ అన్నారు. ఎందుకంటే ఆయన మా మనిషి కాబట్టి. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి.

జగదాంబ_జంక్షన్
మెడల్ ఫోటో పెట్టండి ముందు

అనకాపల్లి_బెల్లం
చింతపండు పెట్టి తోమితే తళతళలాడుద్ది, అప్పుడు ఫోటో తీయండి బాగా వస్తుంది

రిటైర్డ్_హవల్దార్
వద్దు వద్దు వద్దు. చింతపండూ వద్దు, పీతాంబరీ వద్దు. మెడల్ అంచు మీద చుట్టూతా నంబరు, పేరు, యూనిట్ చెక్కి ఉండొచ్చు, తోమితే అదే పోద్ది. మొదటి యుద్ధం మెడల్స్ మీద ఉంటుంది, రెండో యుద్ధానివి కొన్నిటి మీద ఉంటుంది కొన్నిటి మీద ఉండదు. పల్చటి కాగితం అంచు మీద వేసి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి, కంటికి కనపడని అక్షరాలు కూడా కాగితం మీద తేలతాయి. మీరు చెప్పిన సింహం నిలబడింది రెండు తలల డ్రాగన్ మీద, పైన 1939, 1945 అని అంకెలు ఉండాలి చూడండి. అది వార్ మెడల్, రెండో ప్రపంచ యుద్ధానిది.

గాజువాక_వెంకట్
అవును సార్ 1939, 1945 ఉన్నాయి! అరిగిపోయి నేను గమనించలేదు. అంచు రాత్రికి రుద్ది చూస్తా.

వాల్తేరు_రాజా
ఇంత కష్టం ఎందుకు, విదేశాల వంశవృక్షం సైట్లు ఉన్నాయి కదా, డబ్బు కడితే యుద్ధ పింఛను కార్డులు లక్షల్లో ఉన్నాయి, పేరు కొడితే వస్తాయి. నేను ఒక నెల కట్టాను.

పాతకాగితాలు
@వాల్తేరు_రాజా దయచేసి ఈ సలహా ఇవ్వకండి, చాలామంది ఇలాగే డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఆ కార్డులు మొదటి యుద్ధంలో చేసిన బ్రిటన్ సైనికులవి, పారేయబోతుంటే వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ అనే సంఘం వాళ్ళు కాపాడారు, అరవై అయిదు లక్షలు ఉంటాయి. అందులో మన సిపాయిలు ఉండరు. బ్రిటన్ సైనికుల సర్వీసు కాగితాలకే దిక్కు లేదు, 1940 సెప్టెంబరులో లండన్ మీద బాంబులు పడినప్పుడు సగానికి పైగా తగలబడిపోయాయి. ఇండియన్ ఆర్మీ జవాన్ల కాగితాలు అసలు అక్కడికి పోలేదు, అవి ఇక్కడే రెజిమెంట్ రికార్డు ఆఫీసుల్లో ఉండేవి. పంజాబ్ వాళ్ళది అదృష్టం, మొదటి యుద్ధానికి వెళ్ళినవాళ్ళ పేర్లు ఊరూరా రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో మిగిలాయి, మూడు లక్షలకు పైగా పేర్లు, 2021లో ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. మనకి ఒక మూలన ఒక కాగితం, ఇంకో మూలన ఒక మెడల్, అలా ఏరుకోవాల్సిందే.

వాల్తేరు_రాజా
సరే ఒప్పుకుంటా మీ వాళ్ళ విషయంలో. కానీ మా రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి, నా స్నేహితుడి ముత్తాత సంగతి మాత్రం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ కాగితాల్లోనే దొరికింది, ఇండియా ఆఫీసు రికార్డుల్లో. బాప్తిజం, పెళ్ళి, పింఛను అన్నీ. కాబట్టి అందరికీ పనికిరాదు అనకండి.

పాతకాగితాలు
అది నిజం, యూరోపియన్లకీ ఆంగ్లో ఇండియన్లకీ ఆఫీసర్లకీ అక్కడ చాలా ఉంది. జవాన్లకి లేదు అంటున్నా.

బీచ్‌రోడ్డు_కామ్రేడ్
బ్రిటిషోడి యుద్ధానికి పోయి చచ్చినవాళ్ళని ఇప్పుడు తవ్వుకోవడం దేనికి అసలు. మనల్ని బానిసల్ని చేసినోడి తరఫున కదా పోరాడారు.

రంగం_మనవరాలు
@బీచ్‌రోడ్డు_కామ్రేడ్ మా తాత ఎవరి తరఫున పోయాడో తాతకే తెలీదండీ. ఇంట్లో ఆరుగురు, భూమి లేదు, నెలనెలా ఇంటికి డబ్బు పంపిస్తామన్నారు, పోయాడు. సింగపూర్ జపాన్ వాళ్ళ చేతికి పోయాక అదే తాత ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరాడు. ఇప్పుడు ఏ తరఫు అంటారు?

బీచ్‌రోడ్డు_కామ్రేడ్
సారీ అమ్మా. అలా ఆలోచించలేదు.

రంగం_మనవరాలు
పర్లేదు. ఇదే సందర్భంలో ఒక మాట చెప్తా ఎవరికైనా ఉపయోగపడొచ్చు. మా తాత కాగితాల కోసం మిలటరీ వైపు ఏళ్ళ తరబడి వెతికాం, ఏమీ లేదు. ఎందుకంటే ఫౌజ్‌లో చేరినవాళ్ళకి పింఛను మిలటరీ నుంచి రాలేదు, స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కింద వచ్చింది, అది హోం శాఖ. 1972లో మొదలైంది, 1980లో పేరు మార్చి స్వతంత్రతా సైనిక్ సమ్మాన్ అన్నారు. ఆ ఫైల్లో మా తాత ఏ క్యాంపులో ఎన్ని నెలలు ఖైదీగా ఉన్నాడో, తోటి ఖైదీలు ఎవరో, వాళ్ళ సంతకాలతో సహా దొరికింది. తప్పు తలుపు కొడితే ఎన్నేళ్ళు కొట్టినా తెరుచుకోదు.

కంచరపాలెం_కుర్రోడు
ఏటండీ రంగం అంటే రంగూనేనా? మా బర్మా క్యాంపులో ముసలోళ్ళు ఇప్పటికీ రంగం అనే అంటారు. మా నాయనమ్మోళ్ళు నడిచొచ్చీసినారు 42లో

రంగం_మనవరాలు
అదే అదే.

ఖజానా_మాజీ
సబ్ ట్రెజరీలో ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను, పాత మిలటరీ పింఛన్లు నా చేతుల మీదుగా చాలా వెళ్ళాయి, అందుకని కొంచెం వివరంగా రాస్తాను ఓపిక పట్టండి. పింఛను పేమెంట్ ఆర్డరుకి రెండు సగాలు ఉంటాయి. ఒకటి పింఛనుదారు దగ్గర, రెండోది డబ్బిచ్చే ఆఫీసు దగ్గర. పింఛనుదారు పోయాక మా ఖజానా దగ్గరున్న సగం ఆర్డరు ఇచ్చిన ఆఫీసుకే వెనక్కి పంపాలి. కాబట్టి వెంకట్ గారూ ఇక్కడి ఖజానాలో వెతికి లాభం లేదు. మీ దగ్గరున్నది తాతమ్మ గారి సగం అయ్యుండాలి, అది ఇంట్లో మిగలడమే గొప్ప. లాహోర్ ముద్ర గురించి అడిగారు, దేశం విడిపోకముందు మిలటరీ పింఛన్ల కంట్రోలర్ ఆఫీసు లాహోర్‌లో ఉండేది, 1947లో మన వాటా అలహాబాద్ (ఇప్పటి ప్రయాగ్‌రాజ్) వచ్చింది, ఇప్పటికీ అక్కడే ఉంది. అంటే మీ కాగితం స్వాతంత్ర్యానికి ముందుదే.

ఇంకో సంగతి. వేలిముద్ర, పుట్టుమచ్చ, ఎత్తు ఇవన్నీ డబ్బు తీసుకునేవాళ్ళవి, సైనికుడివి కాదు, ఎందుకంటే కిటికీ దగ్గర నిలబడేది వాళ్ళు. ఆడవాళ్ళు చాలామంది దూరం ఊళ్ళ నుంచి నడిచొచ్చేవాళ్ళు, ఏడాదికోసారి బతికున్నట్టు సర్టిఫికెట్ కూడా తేవాలి. అందుకే నేను అందరికీ చెప్పేది, పింఛను కాగితంలో సైనికుడి కోసం వెతక్కండి, ముందు డబ్బు తీసుకున్న మనిషి ఎవరో చూడండి, ఆ మనిషికి సైనికుడు ఏమవుతాడో ఒక గడి ఉంటుంది. భార్యా, తల్లా, తండ్రా, పిల్లలా. మీ కాగితంలో ఆ గడిలో ఏముంది?

గాజువాక_వెంకట్
సరిగ్గా అక్కడే చిరిగింది సార్. ఇంగ్లీషు అక్షరాలు రెండే మిగిలాయి, ఎమ్, ఆ పక్కన ఓ.

ఖజానా_మాజీ
విడో అయితే డబ్ల్యూ ఉండాలి కదా బాబూ. వైఫ్ అన్నా అంతే.

జగదాంబ_జంక్షన్
మదర్!!!

రిటైర్డ్_హవల్దార్
నాకు మొదటినుంచీ వయసు దగ్గర అనుమానంగానే ఉంది. వెంకట్, మీ అమ్మగారి నాన్నగారు ఏ సంవత్సరంలో పుట్టారు?

గాజువాక_వెంకట్
తాత 1926. ముత్తాత ఎప్పుడు పుట్టారో తెలీదు కానీ తాత రెండో సంతానమో మూడో సంతానమో అని అమ్మ అనేది.

రిటైర్డ్_హవల్దార్
అంటే ముత్తాతకి 1939 నాటికి నలభై దగ్గరో పైనో. కొత్తగా భర్తీ అయ్యే వయసు కాదు అది. మీరు వెతకాల్సింది ముత్తాత కోసం కాదేమో, మీ తాత అన్నయ్య కోసం.

గాజువాక_వెంకట్
తాతకి అన్నయ్య ఉన్నాడని మాకు ఎవరూ చెప్పలేదు సార్. ఒక్క నిమిషం నాకు ఏం రాయాలో తెలీట్లేదు.

భీమిలి_అమ్మాయి
ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా వెంకట్ గారూ? ఇవాళే అడగండి, రేపు అనుకోకండి. మా పెద్దనాన్నని దసరాకి అడుగుదాం అనుకున్నాం, వినాయక చవితికే పోయారు.

గాజువాక_వెంకట్
తాత చెల్లెలు ఒకావిడ పెందుర్తిలో ఉంది, తొంభై దాటాయి. చెవులు బాగా వినపడవు గానీ జ్ఞాపకం బాగుంది. ఆదివారం వెళ్తా.

మిలటరీ_మాధవరం_అల్లుడు
మా అత్తారి ఊరు తాడేపల్లిగూడెం పక్కన మాధవరం, పేరు ముందే మిలటరీ ఉంటుంది, ఇంటికొకరు చొప్పున పోయారు రెండు యుద్ధాలకీ. అక్కడ కూడా ఇదే సమస్య, రెండో యుద్ధం అయిపోయాక 1945, 46ల్లో ఇంటికి పంపేసినవాళ్ళకి పింఛను లేదు, ఏదో కొంత చేతిలో పెట్టి పంపారు. పింఛను లేదు కాబట్టి పింఛను కాగితం కూడా లేదు. అలాంటివాళ్ళకి ఎలా వెతకాలి ఎవరైనా చెప్తారా?

రిటైర్డ్_హవల్దార్
సర్వీసు పింఛను రావాలంటే పదిహేనేళ్ళు చెయ్యాలి, యుద్ధం కోసం చేరినవాళ్ళకి నాలుగైదేళ్ళే అయ్యాయి, గ్రాట్యుటీతో పంపేశారు. వాళ్ళ దగ్గర డిశ్చార్జి పుస్తకం ఉంటుంది, ఎర్రట్టదో ఖాకీదో, అది చూడండి. అందులో నంబరు ఉంటుంది. నంబరు ఉంటే రికార్డు ఆఫీసుకి ఉత్తరం రాయొచ్చు, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్స్ (ఇంజనీరు దళం), పయనీర్ అయితే బెంగళూరు, ఆర్టిలరీ అయితే నాసిక్, సిగ్నల్స్ అయితే జబల్పూర్, ఆర్డ్‌నెన్స్ (ఆయుధాలు, సామగ్రి చూసే దళం) అయితే మన సికింద్రాబాద్. నేవీ వాళ్ళది ముంబై. వైజాగ్‌లో తూర్పు నౌకాదళం ఉంది కదా అని ఇక్కడి గేటు దగ్గరికి వెళ్ళి అడిగేవాళ్ళు ఉన్నారు, పాత సెయిలర్ల కాగితాలు ఇక్కడ ఉండవు.

పాతకాగితాలు
రికార్డు ఆఫీసు జవాబు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి అడగండి. వ్యక్తిగత సమాచారం ఇవ్వం అని తిప్పి పంపితే చట్టంలో సెక్షన్ 8(3) చూపించండి, ఇరవై ఏళ్ళ కిందటి విషయాలకి ఆ సాకు చెల్లదు. నేను అలాగే అప్పీలుకి వెళ్ళి తెచ్చుకున్నా.

గాజువాక_వెంకట్
అంచు రుద్దాను. పేరు పూర్తిగా పోయింది, చివర మూడు అంకెలు స్పష్టంగా, ముందు ఒక అంకె మసకగా, తర్వాత ఐ.పి.సి. లాంటిది ఏదో.

కంచరపాలెం_కుర్రోడు
పోలీసు సెక్షన్ ఏటి మెడల్ మీద 😀

రిటైర్డ్_హవల్దార్
ఇండియన్ పయనీర్ కోర్ అయ్యుంటుంది తమ్ముడూ. రోడ్లు, వంతెనలు, ఎయిర్ స్ట్రిప్‌లు వేసినవాళ్ళు, సామాన్లు దించినవాళ్ళు. అస్సాం, బర్మా వైపు వాళ్ళు లేకపోతే ట్యాంకు కూడా కదిలేది కాదు. వాళ్ళని తక్కువగా చూస్తారు గానీ ఆ వర్షాల్లో, ఆ మలేరియాలో పనిచేసింది వాళ్ళే.

పాతకాగితాలు
అయితే ఇక కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటుకి వెళ్ళండి, డబ్బు కట్టక్కర్లేదు. యుద్ధకాలంలో చనిపోయినవాళ్ళవే ఉంటాయి, బతికొచ్చినవాళ్ళవి ఉండవు. పేరుతో వెతక్కండి, మన పేర్లని ఆనాటి గుమాస్తాలు వినపడినట్టు రాశారు, అప్పలస్వామి ఒక్కటే పేరు నాలుగు రకాల స్పెల్లింగుల్లో చూశాను, ఇంటిపేరు చాలామందికి ఉండదు. దాని బదులు అదనపు సమాచారం గడిలో ఊరు పేరు కొట్టండి, లేదా విజగపటం అని పాత స్పెల్లింగు కొట్టి ఇండియన్ ఆర్మీ అని ఎంచుకోండి. చాలా ఎంట్రీల్లో ఫలానా తండ్రి, ఫలానా తల్లి కొడుకు, ఫలానా ఊరు అని ఉంటుంది. తాతమ్మ పేరు మీ చేతిలో ఉంది, దాన్ని పట్టుకోండి.

జిల్లా విషయంలో అందరూ జాగ్రత్త. శ్రీకాకుళం వాళ్ళకి అప్పటి పేరు చికాకోల్, మొదటి యుద్ధం నాటికి అది గంజాం జిల్లా, 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడు విశాఖ జిల్లాలో కలిసింది, శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. విజయనగరం జిల్లా అయితే 1979. కాబట్టి 1916లో పోయిన శ్రీకాకుళం మనిషినీ, 1944లో పోయిన శ్రీకాకుళం మనిషినీ వేరే వేరే జిల్లా పేర్ల కింద వెతకాలి. దీన్ని పట్టించుకోక నేను రెండేళ్ళు గంజాం రికార్డు ముట్టుకోలేదు, మావాడు అందులోనే ఉన్నాడు.

భీమిలి_అమ్మాయి
@పాతకాగితాలు ఇది ఎక్కడైనా పైన అతికించి పెట్టండి అందరికీ కనపడేట్టు

బీచ్‌రోడ్డు_కామ్రేడ్
వార్ గ్రేవ్స్ వాళ్ళ గురించి ఒక మాట. మొదటి యుద్ధంలో పోయిన మనవాళ్ళని, ఆఫ్రికావాళ్ళని తెల్లవాళ్ళతో సమానంగా గుర్తుపెట్టుకోలేదని 2021లో వాళ్ళే నివేదిక ఇచ్చి క్షమాపణ చెప్పారు. లక్షకి పైగా మనుషులకి అసలు పేరే ఎక్కడా చెక్కలేదు. పేరు దొరక్కపోతే మీ మనిషి పోలేదని కాదు, రాయలేదని.

పాతకాగితాలు
నూటికి నూరు పాళ్ళు నిజం.

గాజువాక_వెంకట్
ఇవాళ పెందుర్తి వెళ్ళొచ్చాను. వరసగా రాసేస్తా, తప్పులుంటే క్షమించండి.

నేను మెడల్ చేతిలో పెట్టాను. మామ్మ దాన్ని చాలాసేపు వేళ్ళతో తడిమింది, కళ్ళు సరిగ్గా ఆనవు ఆవిడకి. తర్వాత "పెద్దన్నది" అంది. నేనేమీ అడగలేదు, ఆవిడే చెప్పుకుంటూ పోయింది. వాళ్ళ నాన్న అంటే మా ముత్తాత మిలటరీకి పోనేలేదట, అంతకుముందే జ్వరం వచ్చి పోయాడట. ఇంట్లో పెద్దవాడు పెద్దన్న. 42లో వైజాగ్ మీద బాంబులు పడ్డాక హార్బరులో కూలి పని ఆగిపోయింది, ఊళ్ళు ఖాళీ అయిపోయాయి, ఆ మరుసటి ఏడాది ఎవరో వచ్చి భర్తీ చేసుకుంటుంటే పోయాడు. "రంగం దారిలో రోడ్లేయడానికి పోతన్నాను, చెల్లికి గాజులు తెస్తాను" అన్నాడట. ఆ చెల్లి ఈవిడే. మూడుసార్లు డబ్బు వచ్చిందట, తర్వాత ఒక కాగితం వచ్చిందట, చదివేవాళ్ళు లేక పక్కూరి మాస్టారి దగ్గరికి పట్టుకెళ్ళారట.

తాతమ్మ పింఛను తీసుకోవడానికి నడిచి వెళ్ళేదట, చిన్నపిల్ల కాబట్టి ఈవిడ్ని కూడా తీసుకెళ్ళేది. ఆ రోజు ఇంటికొచ్చి పిల్లలందరికీ వండి పెట్టేదట కానీ తను మాత్రం తినేది కాదట. అడిగితే ఇది నా కొడుకు కూడు, నేనెలా తింటానే అనేదట. తర్వాత తర్వాత ఇంట్లో ఎవరూ ఆయన పేరు ఎత్తడం మానేశారు, ఎత్తితే ఆవిడ ఏడుస్తుందని. మా తాత కూడా మా అమ్మకి చెప్పలేదు. యుద్ధంలో పోయాడు అనే మాట ఒకటి మిగిలింది, ఎవరు పోయారో మారిపోయింది.

జగదాంబ_జంక్షన్
ఏం రాయాలో తెలీట్లేదు అన్నా

రంగం_మనవరాలు
నా కొడుకు కూడు. ఆ ఒక్క మాట చాలండీ.

ఖజానా_మాజీ
నా కిటికీ దగ్గరికి వచ్చిన ఒక ముసలావిడ డబ్బు లెక్కపెట్టుకునేది కాదు, కొంగులో వేసుకుని వెళ్ళిపోయేది. నేను లెక్కపెట్టుకో అమ్మా అని కోప్పడేవాణ్ణి. ఇవాళ ఆవిడ గుర్తొచ్చింది.

మిలటరీ_మాధవరం_అల్లుడు
వెంకట్ గారూ మామ్మ గారు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేశారా?

గాజువాక_వెంకట్
రెండోసారి వెళ్ళినప్పుడు చేశా. అన్నట్టు ఊరి పేరు వెతికితే ఆ సైటులో నలుగురు వచ్చారు. అందులో ఒకరికి తల్లి పేరు మా తాతమ్మదే, స్పెల్లింగులో ఒక అక్షరం తేడా, తండ్రి పేరు ముత్తాతదే. ఇండియన్ పయనీర్ కోర్, 1944, వయసు 22. నంబరు చివరి మూడంకెలు మెడల్ అంచు మీదవే. పేరు రంగూన్ మెమోరియల్ మీద ఉందట.

రిటైర్డ్_హవల్దార్
జై హింద్.
రంగూన్ మెమోరియల్ అంటే రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్నది, సమాధి తెలియనివాళ్ళ పేర్లు దాదాపు ఇరవై ఏడు వేలు స్తంభాల మీద చెక్కారు. మీ ఎంట్రీలో ఏ ఫేస్ (స్తంభం ముఖం) మీదుందో నంబరు ఉంటుంది చూసుకోండి, ఎవరైనా వెళ్తే ఫోటో తీయించుకోవచ్చు. ఇప్పుడు పూర్తి నంబరు ఉంది కాబట్టి బెంగళూరుకి పయనీర్ రికార్డ్స్‌కి రాయండి, షీట్ రోల్, అంటే ఆయన సర్వీసు కాగితం, మిగిలి ఉందేమో అడగండి. ఎత్తు, భర్తీ అయిన తేదీ, చోటు ఉంటాయి అందులో.

కంచరపాలెం_కుర్రోడు
మా క్యాంపులో ఒకాయనకి ఇంకా అక్కడ చుట్టాలున్నారు, రంగంలో. నంబరు నాకు మెసేజ్ పెట్టండి అన్నా, ఫోటో తీయమని అడుగుతాను, తప్పకుండా అడుగుతాను

గాజువాక_వెంకట్
పంపించాను తమ్ముడూ. ఉత్తరం కూడా రాశాను, రేపు స్పీడ్ పోస్టు. ఊరు పోయింది కాబట్టి కుటుంబానికి రుజువుగా ఏం పెట్టాలి అని తట్టింది, స్టీల్ ప్లాంటు నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు (పునరావాస కార్డు) జిరాక్స్ పెడుతున్నా, అందులో తాత పేరు, తండ్రి పేరు, పాత ఊరు మూడూ ఉన్నాయి. పని చేస్తుందా?

పాతకాగితాలు
బ్రహ్మాండంగా. అది కూడా సరిపోదంటే భూసేకరణ అవార్డు (పరిహారం ఉత్తర్వు) కాపీ కలెక్టరేటులో అడగండి.

భీమిలి_అమ్మాయి
గాజులు పట్టుకెళ్ళండి వెంకట్ గారూ పెందుర్తికి

గాజువాక_వెంకట్
నిన్ననే కొన్నాను అమ్మా. ఆకుపచ్చవి. సైజు కోసం మా ఆవిడ వీడియో కాల్‌లో మామ్మ చెయ్యి చూసి చెప్పింది.

అనకాపల్లి_బెల్లం
మా ఇంట్లో కూడా ఒక డిశ్చార్జి పుస్తకం ఉంది, మా నాన్న వాళ్ళ చిన్నాన్నది, మొదటి పేజీ చెదలు తినేసింది, ఆయన ఊరు మాత్రం తెలుసు. తోమలేదు లెండి దాన్ని. ఇక్కడే అడగొచ్చా కొత్త టాపిక్ పెట్టాలా?

రిటైర్డ్_హవల్దార్
ఇక్కడే పెట్టు. మిగిలిన పేజీలన్నీ ఫోటో తియ్యి, ఆఖరి అట్ట లోపలివైపు కూడా.